సబ్మిట్ బటన్‌కు మంత్రిగారి డేటు

"ప్రపంచంలో ఏ దేశమూ నేతన్నకు ఇంత అందమైన బటన్ ఇవ్వలేదు" అని పశ్చిమ మండలాల చేనేత డిజిటల్ మండలి చైర్మన్ ధనుంజయగారు ఎమ్మిగనూరు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. నేనక్కడే ఉన్నాను. ఒక చిన్న పత్రికకు విలేకరిని. జీతం లేదు గానీ మెడలో కార్డుంది. మిగతా దేశాల బటన్లు నేను చూడలేదు కాబట్టి ఆయన మాట ఆయన చెప్పినట్టే రాసుకున్నాను.

మగ్గం, నూలు, గుర్తింపు కార్డు, పింఛను, ఇట్లా పద్నాలుగు రకాల దరఖాస్తులు ఇకమీదట వెబ్‌సైట్‌లోనే పెట్టుకోవాలి. కాగితం ఇస్తే తీసుకోరు. వెబ్‌సైట్ తయారు చేసిన ఆదోని అమ్మాయి పల్లవి లేచి పద్ధతి వివరించింది.

"కాంపొనెంట్ లైబ్రరీ వాడినాము సార్. బటన్, మెనూ, ఫోటో డబ్బా, అన్నీ విడివిడి ముక్కలు. బటన్ ఒక్కసారి చేసిపెట్టుకుంటే పద్నాలుగు ఫారాల్లోనూ అదే. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారిపోతాది."

"అంటే మన పార్టీ కండువా మాదిరి. ఒకటే సైజు, ఏ మెడకైనా సరిపోతాది" అన్నారు చైర్మన్‌గారు.

టెక్నాలజీ ఇంత తొందరగా ఒంటబట్టిన నాయకుణ్ణి నేను చూడలేదు. ఆయన అక్కడితో ఆగితే మామూలు మనిషే అయ్యేవారు.

"ఎన్ని ముక్కలుండాయి పాపా?"

"ముప్పై రెండు సార్."

"అయితే ముప్పై రెండు ప్రారంభోత్సవాలు!"

పల్లవి ఏదో చెప్పబోయింది. చప్పట్లలో వినపడలేదు.

ఆ నెలంతా మా ప్రాంతం కొబ్బరికాయల చప్పుడుతో మార్మోగింది. వెబ్‌సైట్ పైభాగాన్ని ఆదోని పత్తి మార్కెట్ యార్డులో ప్రారంభించారు. అడుగుభాగాన్ని ఆస్పరిలో. మెనూకు తుగ్గలిలో శిలాఫలకం వేశారు. మెనూకు తుగ్గలికి ఏం సంబంధమని అడగకండి. ఆస్పరికి అడుగుభాగం ఇచ్చాక తుగ్గలికి ఏదో ఒకటి ఇవ్వకపోతే ఊరుకుంటారా? చైర్మన్‌గారి ఫోటో డబ్బాను మాత్రం ఆయన తన ఇంటి వరండాలో, నిరాడంబరంగా, రెండు వందల మంది సమక్షంలో ప్రారంభించుకున్నారు.

నియమం ఒక్కటే. ప్రారంభం కాని ముక్కను ఎవరూ ముట్టుకోరాదు. బోరు వేసినా నాయకుడు వచ్చేదాకా మూతికి గోనెసంచి కట్టి ఉంచే ఊళ్లు మావి. వెబ్‌సైట్‌కు మాత్రం వేరే పద్ధతి ఎందుకుంటుంది? ప్రతి ముక్క మీదా పల్లవి చేత ఎర్ర రిబ్బన్ బొమ్మ వేయించారు.

ఒక్క సబ్మిట్ బటన్ మిగిలింది. అది పెద్దది కాబట్టి మంత్రిగారికని అట్టిపెట్టారు.

"పనిచేస్తాదో లేదో ఒక్కసారి నొక్కి చూస్తాను సార్" అంది పల్లవి.

"పెండ్లికి ముందే కాపురమా? ఊరుకో పాపా!"

తాయమ్మ మండలి ఆఫీసుకు వచ్చింది ఆ రోజే. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మనిషి. కార్తీకంలో పడిన వానకు ఆమె గుంత మగ్గంలోకి నీళ్లు దిగి, చెక్క నాని, మగ్గం ముక్కలు ముక్కలై పోయింది. కొత్త మగ్గం వస్తే ఇంట్లో ఉంటుంది. రాకపోతే తొమ్మిదో తరగతి చదివే కూతురు వీణను బడి మాన్పించి, గుంటూరు పక్క పత్తి కోతకు సుగ్గికి, అంటే కూలి వలసకు, తీసుకుపోవాలి. దరఖాస్తులో వివరాలన్నీ పల్లవే నింపి పెట్టింది. కింద బటన్, బటన్ మీద రిబ్బన్.

"ముప్పయ్యో తేదీ ఆఖరంట గదన్నా. ఆ రిబ్బన్ కొంచెం పక్కకు జరుపుమను. నా ఒక్కదానిది పంపించి మళ్లా కట్టుకుందురు" అంది తాయమ్మ.

చైర్మన్‌గారు పల్లవి వైపు చూశారు.

"కోడ్‌లో ఒక్క లైను తీసేస్తే చాలు సార్. కాకుంటే బటన్ ఒక్కటే కదా, పద్నాలుగు ఫారాల్లోనూ తెరుచుకుంటాది."

"అమ్మో! అందరికీ పనులైపోతే మంత్రిగారొచ్చి ఏం జేస్తాడు?"

ఆ ప్రశ్నను కూడా ఉన్నది ఉన్నట్టే రాసుకున్నాను.

తాయమ్మ కొంగు బిగించింది. "అంగట్లో అన్నీ ఉండాయి, అల్లుని నోట్లో శని ఉండాదన్నట్లుంది మీ యవ్వారం. ఇంత సోకు చేసి, నొక్కేదానికి లేకుంటే ఎట్లప్పా?"

"నీ బాధ నాకు తెలీదా తాయమ్మా? గడువు పెంచమని పైకి రాస్తా" అన్నారు చైర్మన్‌గారు. ఆయన గుండె వెన్నపూస. వెంటనే పి.ఏ. తిప్పేస్వామిని పిలిచి రాయమన్నారు. తిప్పేస్వామి కంప్యూటర్ ముందు కూర్చుని, లేచి నిలబడ్డాడు.

"గడువు పెంచమనే అర్జీ గూడా ఇందులోనే పెట్టల్ల సార్. పద్నాలుగో ఫారం అదే."

"పెట్టు మరి!"

"రిబ్బన్ ఉండాది సార్."

ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు, కార్డు మీద ఒట్టు.

మంత్రిగారి డేటు మొదట పదిహేనన్నారు. ఆ రోజు ఆయన ఇంకో ఊళ్లో వంతెన ప్రారంభించారు. తర్వాత ఇరవై రెండన్నారు. ఆ రోజు జలుబు. చివరికి ఉరుకుంద ఈరన్న దర్శనానికి వచ్చే దారిలో, ఒకటో తేదీ పది గంటలకు ఖాయమైంది.

ఒకటో తేదీ పొద్దున బస్టాండు దగ్గర సుగ్గికి పోయే బొలేరో బండిలో తాయమ్మ మూటలు సర్దుతుంటే తిప్పేస్వామి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"తాయమ్మా, దిగు దిగు! మంత్రిగారు నీ చేతనే మొదటి దరఖాస్తు పెట్టిస్తారంట. నీ అదృష్టం పండింది!"

తాయమ్మ ముఖం వెలిగింది. చూసి నాకు సంతోషమైంది, నిజంగానే. "నువ్వు ఈడనే ఉండు, మగ్గం వచ్చేసింది అనుకో" అని కూతురికి చెప్పి, డ్రైవరును పది నిమిషాలు ఆగమని బతిమాలి వచ్చింది.

స్టేజీ మీద పెద్ద తెర. మంత్రిగారు కత్తెర పట్టుకున్నారు. పల్లవి ఆ ఒక్క లైనూ తీసేసింది. తెర మీద రిబ్బన్ రెండు ముక్కలై జారిపోయింది. మేళగాళ్లు అందుకున్నారు. తాయమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, కళ్లకద్దుకుని, బటన్ నొక్కింది.

అర సెకను కూడా పట్టలేదు. పచ్చటి డబ్బాలో తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"దరఖాస్తు గడువు నిన్నటితో ముగిసినది. ధన్యవాదములు."

"పని జేసింది!" అని చైర్మన్‌గారు కేక వేశారు. చప్పట్లు మోగాయి. మంత్రిగారు ముందుకు వంగి, అక్షరాలు బాగా గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నారు. ఫోటోగ్రాఫర్ సరిగా పడలేదన్నాడు. తాయమ్మ చేత ఇంకోసారి నొక్కించారు. అదే డబ్బా, అంతే వేగం. మళ్లీ చప్పట్లు.

"ఇట్లా ఇంకెన్ని ఉన్నాయి?" అని అడిగారు మంత్రిగారు.

"పద్నాలుగు ఫారాలు సార్! ఏ ఫారంలో నొక్కినా ఇట్లే పనిచేస్తాది" అన్నారు చైర్మన్‌గారు ఛాతీ విరిచి.

తాయమ్మ చైర్మన్‌గారి వైపు తిరిగింది.

"అన్నా, నేనింక పోదునా? బండి డ్రైవరు తిడతాడు."

"ఒక్క నవ్వు నవ్వి పో తాయమ్మా, ఫోటో కోసం."

ఆమె నవ్వింది. ఫోటో బాగా వచ్చింది. మరుసటి రోజు మా పత్రిక మొదటి పేజీలో వేశాం. నేను ఆమె వెంట బండి దాకా వెళ్లాను. వీణ బడి సంచిలోంచి పుస్తకాలు తీసి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. తాయమ్మ ఆ పుస్తకాలు తీసుకుని నా చేతికిచ్చి, ఆ సంచిలో బట్టలు కుక్కింది.