మనశ్శాంతికి ఆఖరు తేదీ

ముప్పై అయిదేళ్ల లోపు ఉద్యోగులందరూ మార్చి నెలాఖరులోగా మనశ్శాంతి పొంది తీరాలని, పొందనివారి మీద తగు చర్య తీసుకోబడుతుందని అంతశ్శాంతి శాఖ ఉత్తర్వు జారీ చేసింది. కుర్రకారు పొద్దస్తమానం ఫోనుల్లో తలదూర్చి మనిషికి మనిషి కాకుండా పోతున్నారని శాఖవారు చాలా బాధపడ్డారు. ఆ బాధను అందరి ఫోనులకూ పంపించారు.

ఉత్తర్వు అందే వేళకు జ్యోతిర్మయి తుళ్లూరులో తన అద్దెగదిలో అన్నం తింటూ మొగుడితో మాట్లాడుతోంది. మొగుడు లక్ష్మీకాంత్ ఉండేది కనిగిరిలో. పెళ్లయి ఏడాది దాటింది. ఇద్దరివీ ఉద్యోగాలే, ఒకటి ఈ కొసన, ఒకటి ఆ కొసన. కాపురం ఫోనులో జరుగుతోంది. అతను అక్కడ చారు పెడితే ఈమె ఇక్కణ్ణుంచి ఉప్పు చూస్తుంది (చూడ్డమంటే చూడ్డమే). ఇప్పుడు కనిగిరిలో ఒక ఖాళీ పడింది. ఏడాదికోసారి వచ్చే బదిలీల్లో దాన్ని పట్టుకుంటే ఇద్దరూ ఒక చూరు కిందికి వస్తారు. అయితే బదిలీ కోరేవాళ్లు శాంతి ధ్రువపత్రం చూపించాలి. పత్రం కావాలంటే మూడు రోజులు ఫోను లేకుండా శిబిరంలో ఉండాలి.

"ఉండగలవా?" అన్నాడు లక్ష్మీకాంత్.

"మీ పక్కన ఉండాలంటే మీతో మాట్లాడకుండా ఉండాలంట. ఉంటాను."

"ఈలోగా బదిలీలు తెరిస్తే?"

"శిబిరం అయ్యాకే తెరుస్తారంటండీ. మా సూపరింటెండెంటు సారు చెప్పారు."

శిబిరం పర్చూరు దగ్గర ఒక మిరపకాయల కల్లంలో పెట్టారు. శాంతి అనగా సిగ్నల్ లేకపోవడం అని శాఖవారి నిర్వచనం. అలాంటి చోటు కోసం చుట్టుపక్కల జిల్లాలన్నీ గాలిస్తే ఇదొక్కటే దొరికింది. (టవరు వేయించమని ఆ ఊరివాళ్లు ఏళ్లుగా పెట్టుకుంటున్న అర్జీలనే రుజువుగా తీసుకున్నారు.)

శిబిరం అధికారి చెంచురామయ్య గారు. హోదా ప్రశాంతతా విస్తరణాధికారి. అంతకుముందు గేదెల చెవులకు బిళ్లలు వేయించేవారు. ఆ అనుభవం చూసే ఈ పని అప్పగించారు. ఆయన వచ్చినవాళ్లందరి ఫోనులూ తీసుకుని ఇనప్పెట్టెలో పెట్టి, తాళం వేసి, సీలు కొట్టారు. ఇక ఎవరూ ఫోను వాడటం లేదని మూడు గంటలకోసారి ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. అందుకని ఆయన ఫోను ఆయన దగ్గరే ఉంది. కల్లంలో సిగ్నల్ లేదు గనక ఫోటో తీసిన ప్రతిసారీ వెళ్లి ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు ఎక్కాలి. శాంతిని పర్యవేక్షించేవాడికి శాంతి అక్కర్లేదని ఏడో నిబంధనలో స్పష్టంగా ఉంది.

మొదటి అంశం శ్వాస. కల్లం నిండా కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఎండ ముదురుతోంది. "కళ్లు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చండి," అని చెంచురామయ్య గారు కాగితం చూసి చదివారు. అందరూ పీల్చారు. అందరూ ఒక్కసారే తుమ్మారు. తర్వాత దగ్గారు. ఆ తర్వాత కళ్లవెంట ధారలు కట్టాయి. ఆయన ఆ ఫోటో ట్యాంకెక్కి పంపితే, 'మొదటి రోజే మనసులో బాధంతా బయటికి తెప్పించారు, శభాష్' అని పైనుంచి జవాబొచ్చింది.

ఆ పక్కనే తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు నవ్వలేక చచ్చారు.

"మేం కూలి తీసుకుని కూడా ముక్కుకి గుడ్డ కట్టుకుంటాం. మీరేందమ్మా, ఊరికే పీలుస్తన్నారు?" అంది సుబ్బరావమ్మ.

రెండో రోజు కార్యక్రమం మౌనం. పొద్దున్నుంచీ ఒక చెట్టు నీడన కూర్చోవడమే. మిగతావాళ్లు గడియారం వంక చూస్తూ కూర్చున్నారు. జ్యోతిర్మయికి మాత్రం చేతులు ఊరుకోలేదు. బొటనవేలు తనంతట తానే గాలిలో పైకీ కిందికీ జరుగుతోంది.

"ఒట్టినే కూర్చుంటే శాంతేం వచ్చిద్ది, నడుం నొప్పొచ్చిద్ది. ఇటు రామ్మా," అని, కాయలు ఏరేవాళ్లలో ఒకామె, రహమతున్నీసా, తన పక్కన గోతం పరిచింది.

జ్యోతిర్మయి వెళ్లి కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కకు పడేయడం మొదలుపెట్టింది.

"మొగుడెక్కడ?"

"కనిగిరిలో."

"నువ్వు?"

"తుళ్లూరులో."

"పోట్లాడుకున్నారా?"

"లేదండీ, ఉద్యోగాలు."

"పోట్లాటైతే పదిమందిలో కూర్చోబెట్టి తేల్చేవాళ్లం," అంది సుబ్బరావమ్మ. "ఉద్యోగాన్ని ఎక్కడ కూర్చోబెడతాం?"

"ఫోనులో రోజూ చూసుకుంటామండీ."

"మా ఆయన నా కళ్లెదురుగానే ఉంటాడు. నేను చూడనుగా!" అంది రహమతున్నీసా.

జ్యోతిర్మయి పడీ పడీ నవ్వింది. అంతకుముందు ఎప్పుడు నవ్విందో ఆమెకే గుర్తులేదు. మధ్యాహ్నం వాళ్లు పెట్టిన గోంగూర అన్నం తిని గోతాల మీదే నిద్రపోయింది. లేచేసరికి నుదుటి మీద గీతలు లేవు, కనుబొమల మధ్య ముడి లేదు. నిజం చెప్పొద్దూ, ఆ పిల్లకు శాంతి వచ్చింది. (ఇందులో శాఖవారి ప్రమేయం ఏమీ లేదు.)

మూడో రోజు సాయంత్రం ధ్రువపత్రాలు. ముఖాన్ని ఫోటో తీస్తే, యాప్ దాన్ని గుర్తింపు కార్డులోని ముఖంతో సరిచూసి, అప్పుడు పత్రం ఇస్తుంది. యాప్‌కి సిగ్నల్ కావాలి గనక ఒక్కొక్కరూ ట్యాంకెక్కాలి. అందరికంటే ముందు కోటేష్ అనే అతను ఎక్కాడు. ఇతను పెట్టెలో ఒక ఫోను వేసి, రెండోది దిండు గలీబులో దాచి, 'బయటికెళ్లొస్తా' అని రోజుకు నాలుగుసార్లు ట్యాంకు దగ్గరికి పోయినవాడు. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. యాప్ అతన్ని చూడగానే గుర్తుపట్టింది. మిగతావాళ్లకు కూడా శాంతి పెద్దగా రాలేదు గనక ఇబ్బంది రాలేదు.

జ్యోతిర్మయి దగ్గరికొచ్చేసరికి ఆగింది. 'ముఖం సరిపోలలేదు.'

చెంచురామయ్య గారు కార్డులో ఫోటో చూశారు, మనిషిని చూశారు. "అమ్మా, మీ సొంత ముఖం పెట్టండి."

"ఇది నాదేనండీ."

"కార్డులో ఇంత బాగా లేరమ్మా."

రెండోసారీ సరిపోలలేదు. మూడోసారి తప్పితే మళ్లీ ఏడాదికే. పని దిగి ఇళ్లకు పోతున్న ఆడవాళ్లు కింద నిలబడి చూస్తున్నారు. "పెళ్లిచూపుల్లో కూడా ఇన్నిసార్లు చూడరయ్యా!" అని సుబ్బరావమ్మ కేకేసింది. జ్యోతిర్మయి ఫక్కున నవ్వింది. చెంచురామయ్య గారు తలపట్టుకుని సహాయ కేంద్రానికి ఫోను చేశారు. అక్కడివాళ్లు పదిహేనో నిబంధన చదివి వినిపించారు: 'శాంతి మోతాదు మించిన అభ్యర్థిని పూర్వస్థితికి తెచ్చి, తిరిగి ప్రయత్నించవలెను.'

"ఒక్కసారి మీ ఆఫీసు తలుచుకోమ్మా," అన్నారాయన, బతిమాలుతున్నట్టు.

తలుచుకుంది. సూపరింటెండెంటు గుర్తొచ్చాడు గానీ, ఆయన కల్లంలో కూర్చుని తుమ్ముతున్నట్టు గుర్తొచ్చాడు. లాభం లేకపోయింది. చివరికి చెంచురామయ్య గారు కల్లం నుంచి పెట్టె తెప్పించి, సీలు విప్పి ఆమె ఫోను ఆమె చేతికిచ్చారు. "కాసేపు చూసుకోమ్మా. మామూలు మనిషివి అవుతావు."

ఫోను సిగ్నల్ అందుకుని చేతిలో చేపపిల్లలా కొట్టుకుంది. ముందు ఆఫీసు గ్రూపులో శుభోదయాలు, పూలగుత్తులు. వాటి కింద లక్ష్మీకాంత్.

'బదిలీలు తెరిచారు. కనిగిరి పెట్టు.'

'పెట్టావా? పత్రం తర్వాత ఇచ్చినా పర్లేదంట. ఊరు మాత్రం రేపు సాయంత్రంలోగా పెట్టాలంట.'

'జ్యోతీ, ఫోనెత్తు. వద్దామంటే ఆ కల్లం ఎక్కడో ఎవరూ చెప్పట్లేదు.'

ఆఖరుది ఆ పొద్దుటిది. 'కనిగిరి ఎవరికో ఇచ్చేశారు. నువ్వు తిన్నావా?'

ఆమె ట్యాంకు మెట్టు మీద కూర్చుండిపోయింది. కోటేష్ కింది మెట్టు మీంచి మెడ సాచి చూశాడు.

"అదేందక్కా, మొన్నేగా తెరిచింది? నేను పెట్టేశా."

"నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబుదామనే అనుకున్నానక్కా. కానీ నా దగ్గర ఫోను లేనట్టు లెక్క గదా."

జ్యోతిర్మయి తల ఎత్తింది. నుదుటి మీద గీతలు ఒక్కొక్కటే వచ్చి ఎక్కడివక్కడ కూర్చున్నాయి. చెంచురామయ్య గారు గబగబా రెండు మెట్లు దిగి ఫోను ఎదురుగా పట్టారు.

"కదలకమ్మా. అట్టాగే ఉండు."

యాప్ ఆకుపచ్చగా వెలిగింది. 'ముఖం సరిపోలింది. అభినందనలు! మీరు మనశ్శాంతి పొందారు.'

"హమ్మయ్య," అన్నారాయన. "బదిలీలదేముందమ్మా, ఏడాదికి మళ్లీ వస్తాయి. పత్రం చేతిలో ఉందిగా, అప్పుడు చూపించుకోవచ్చు."

పత్రం పదకొండు నెలలు చెల్లుతుందని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.