ధనసుఖ్‌భాయ్ తెలివైన మాత్ర

అహ్మదాబాద్‌లో ధనసుఖ్‌భాయ్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తల్లి రంభాబెన్ ఒక మాత్ర మింగాలి, బొంబాయి నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రేనీ అది చూసి సంతకం పెట్టాలి. పెడితే ఆవిడ ఆసుపత్రిలో రోగుల మీద పరీక్షలు మొదలవుతాయి. పెట్టకపోతే అతని కంపెనీకి తాళమే. రేగిపండంత మాత్ర అది. కడుపులోకి దిగి, తనంతట తానే తెరుచుకుని, లోపలి గోడకి ఇన్సులిన్ ఎక్కిస్తుందట. ఎక్కడుందో, ఒళ్ళెంత వేడిగా ఉందో తెర మీద చూపిస్తుందట. ఇవాళ్టిది మందు లేని ఖాళీ మాత్ర. ధనసుఖ్‌భాయ్ నోరు మాత్రం ఏనాడూ ఖాళీ లేదు.

"సూదుల కాలం చచ్చిపోయింది మేడమ్! పసిపిల్లాడు కూడా చాక్లెట్‌లా మింగేస్తాడు" అన్నాడు కరకరలాడే శనగపిండి గాఠియా నములుతూ.

"ఇంతమంది ముందు నేను నోరు తెరవను. వంటింట్లో మింగుతా" అని రంభాబెన్ మాత్ర కొంగున ముడేసుకుని లేచింది. మింగాక గదిలో తలుపేసుకుని పడుకోవాలని, ఎవరూ కదిలించకూడదని కొడుకుగారి ఆజ్ఞ.

కాసేపటికి తెర వెలిగింది. ధనసుఖ్‌భాయ్ గంతేశాడు.

"దిగింది!"

"ఒంటి వేడి నూట ఒకటిన్నర ఉందేంటండీ?" అంది డాక్టర్ ఫ్రేనీ.

"ఆనందం మేడమ్. మా బాకి, అదే మా అమ్మకి, నేనంటే ప్రాణం."

ఇంజనీరు హేతల్ గొంతు తగ్గించింది. "సార్, మాత్ర మళ్ళీ గొంతులోకి వచ్చింది. దిగింది. అయ్యో, మళ్ళీ వచ్చింది."

"చూశారా దాని తెలివి! సరైన చోటు కోసం వెతుక్కుంటోంది. అద్దెకి ఇల్లు చూసేవాడు మొదటి ఇంట్లోనే దిగిపోతాడా?"

ఆ మాట అనడానికి సిగ్గుండాలి. చదువుకున్నవాడికి అబద్ధం దొరకడం ఎంతసేపు!

"తెలివా పాడా! పెద్దావిడకి వాంతులవుతున్నాయి, తలుపు తియ్యండి ముందు" అని డాక్టరే లేచి గది తలుపు తోసింది. మంచం ఖాళీ. వెనక తలుపు బార్లా తీసి ఉంది. హేతల్ అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. ధనసుఖ్‌భాయ్ "బా! బా!" అని గుండెలు బాదుకున్నాడు. బాదుకుంటూనే హేతల్ చెవిలో "ముందా తెర ఆపు" అన్నాడు. మహానుభావుడు!

అంబులెన్స్ వచ్చింది గానీ గేటుకి అడ్డంగా పడుకున్న ఆవు లేవదు. డ్రైవరు హారన్ మోగించీ మోగించీ విసిగిపోయాడు. ఆ గోల విని రంభాబెన్ పక్కింటి భజన నుంచి ప్రసాదం దొన్నెతో వచ్చింది.

"ఎవరికేమైందిరా?"

"నీకే! మాత్ర మింగలేదా?"

"మొదటి రొట్టె ఆవుకే కదా పెడతాం. అందులో పెట్టేశా. నువ్వు నా మీద పరీక్ష పెట్టలా? నేను దాని మీద పెట్టా. అది తట్టుకుంటే రేపు నేనూ మింగుదును."

ఆవు తాపీగా నెమరేస్తోంది. హేతల్ ఇంకా ఆపని తెర వైపు చూసి, "సార్, మళ్ళీ గొంతులోకి వచ్చింది" అంది.

డాక్టర్ ఫ్రేనీ నవ్వలేదు. "అమ్మకంటే ముందు మీరు మింగి చూశారా?"

ధనసుఖ్‌భాయ్ ఆవు వైపు తిరిగి దాన్ని అదిలించాడు.

"ఇంకో మాత్ర ఉందా, హేతల్?" అంది డాక్టర్.

హేతల్ అంత చురుగ్గా ఆ కంపెనీలో ఏనాడూ పనిచేయలేదు. మాత్ర, మంచినీళ్ళు క్షణంలో ముందుకొచ్చాయి.

"ఇవాళ ఏకాదశి మేడమ్, ఉపవాసం."

"ఏకాదశి మొన్ననే అయిపోయింది. పొద్దున్నుంచీ నువ్వు నమిలిన గాఠియా ఏ ఉపవాసంరా?" అంది తల్లి.

దారి లేక నోట్లో వేసుకున్నాడు. నీళ్ళు తాగాడు, కళ్ళు తేలేశాడు, రెండు చేతులతో గొంతు పట్టుకుని నానా యాతనా పడ్డాడు. చివరికి మాత్ర ఎగిరి టీ సాసర్లో పడింది.

డాక్టర్ ఫ్రేనీ సంతకం పెట్టకుండానే తన అభిప్రాయం రాసి ఇచ్చింది: "ఆవుకి దిగింది. యజమానికి దిగలేదు."