తాతారావును లైనులో కలిపిన వైనం

తుప్పు మందు అయిపోయిందని, కోనసీమ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న చమురు ప్లాట్‌ఫాం మీద మట్టా తాతారావును కొంచెం కొంచెంగా పైపులైనులో కలపడం మొదలుపెట్టారు. బలవంతమేం లేదు, నిక్షేపంగా పర్మిట్ రాసే చేశారు.

అసలు సంగతేంటంటే, చమురుతో పాటు పైకొచ్చే ఉప్పునీళ్లు పైపుల్ని తినేస్తాయి. అందుకని ఒక మందు పంపుతో చుక్కచుక్కగా వేస్తూ ఉండాలి. వేసేది తాతారావే, ఎనిమిదేళ్లుగా, కాంట్రాక్టు మీద. గాలివానకి డ్రమ్ముల పడవ రాలేదు. ట్యాంకులో ఎంత మిగిలిందోనని అతను వంగి చూస్తే ఎడమచేతి చిటికెనవేలు అందులో జారిపడి కరిగిపోయింది. మర్నాడు ల్యాబువాళ్లు చూస్తే పైపులో తుప్పు ఆగిపోయింది. ఎనిమిదేళ్లు ఉప్పుగాలికి నిలబడ్డ మనిషి కదా, ఆగక చస్తుందా!

ఇక కాగితాలు కదిలాయి. మందు వేసేవాడి సంతకం ఒకటి, మందు మంచిదేనని పూచీ సంతకం ఒకటి కావాలి. రెండూ తాతారావే పెట్టాడు. స్టోర్సు రిజిస్టర్లో అతన్ని మనుషుల పేజీలో కొట్టేసి మందుల పేజీలో ఎక్కించారు. వారంలో ఎడమచెయ్యి మోచేతి దాకా అయిపోయింది. జనరేటర్లను చల్లబరిచే నీళ్ల లైనువాళ్లకి ఇది చూసి ఒళ్లు మండింది. "మావి మాత్రం ఇనప పైపులు కావా?" అని దెబ్బలాడి ఎడమపాదం రాయించుకున్నారు.

తాతారావుకి బెంగల్లా ఒక్కటే.

"సార్, కుడిచెయ్యి శుక్రవారం దాకా ముట్టుకోకండి," అని మేనేజరు కామేశ్వరరావు గారిని బతిమాలుకున్నాడు. "పాపకి అక్షరాభ్యాసమండి. చెయ్యి పట్టుకుని దిద్దించాలండి."

"పిల్ల చదువు కన్నా ఏముందయ్యా! దరఖాస్తు పెట్టు."

పెట్టాడు. మందులు దరఖాస్తు పెట్టుకునే వీలు రూల్సులో లేదని ఆఫీసు తిప్పి పంపింది. ఈలోగా కుడిచేతిలో మూడు వేళ్లు వెళ్లిపోయాయి. గురువారం పొద్దున్న ఉండబట్టలేక పంపు వేగం తగ్గించాడు. అలారం మోగింది. డ్యూటీలో ఉన్నది తనే కాబట్టి తనే వెళ్లి సరిచేశాడు.

ఒడ్డుకెళ్లే మనుషుల పడవ ఎక్కేటప్పుడు మళ్లీ పేచీ. ఒడ్డుకి ఖాళీ డ్రమ్ములే తప్ప మందు వెనక్కి పోకూడదట. చివరికి "సగం ఖాళీ, తిరిగి రావలెను" అని గేట్‌పాస్ రాసిచ్చారు. ఒక్కరోజు సెలవు!

శుక్రవారం పళ్లెంలో బియ్యం పోశారు. భార్య నూకరత్నం పాపని అతని ఒళ్లో కూర్చోబెట్టి, అతని చెయ్యి చూసి మొహం తిప్పేసుకుంది.

"నాన్నా, నీకు రెండు వేళ్లేనా?"

"రెండు చాలమ్మా, నీ వేలు పట్టుకోడానికి."

దిద్దించాడు. ఓం నమః దాకా కుదురుగానే వచ్చింది. అప్పుడు ఏడుపొచ్చింది, ఏడ్చాడు, భుజానికి తుడుచుకున్నాడు.

పక్కింటి సూరమ్మ పిన్ని అంతసేపూ ఆ చేతినే చూస్తోంది. అందరూ భోజనాలకి లేచాక దగ్గరికొచ్చి కూర్చుంది.

"తాతారావూ, మావాడు డిగ్రీ చేసి రెండేళ్లుగా ఖాళీగా ఉన్నాడయ్యా. మీ దాంట్లో ఎక్కడైనా వేయించవూ? నీకు పుణ్యముంటుంది."

తాతారావు మనసులో లెక్క వేసుకున్నాడు. లైను పెద్దదే, పని చాలానే ఉంది.

"ఆయ్, చెప్పి చూస్తాను పిన్నీ," అన్నాడు. "బరువెంత ఉంటాడు?"