నాలుగు నిమిషాల డెక్

ఆదివారం పదిన్నరకు బెమిడ్జీ ఊరి చర్చిలో మారిట్ మొదటిసారి ఒక్కతే పాడబోతోంది. ఆ పాటను వీడియో తీసి, మోకాలి ఆపరేషనై ఫార్గోలో మంచం మీదున్న ఆమె తల్లికి పంపడం మొగుడు వెర్లిన్ పని. అంతకు మించి అతనికి ఏ పనీ లేదు.

"ఫోన్‌లో ఛార్జింగ్ ఉందా?" అంది మారిట్ కారు దిగుతూ.

"ఇరవై శాతం. నీ పాట నాలుగు నిమిషాలేగా."

"అప్పటిదాకా దాన్ని ముట్టుకోకు."

ముట్టుకోకపోయేవాడే గానీ, ఇంకా పది నిమిషాల టైముంది. ఫోన్‌లో ఆడే కార్డుల ఆటలో తన ఏడేళ్ల నాటి తోడేళ్ల డెక్‌ను, తోడేలు కార్డులతో పేర్చుకున్న కట్టను, వెర్లిన్ ముందురోజే మళ్లీ బయటికి తీశాడు. కాచుకోవడం ఎరగని డెక్ అది, కొట్టడమొక్కటే తెలుసు. గెలుపో ఓటమో నాలుగు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ కాస్తకి ఎంత ఛార్జింగ్ పోతుంది గనక?

మూడో నిమిషానికే, ఆన్‌లైన్‌లో తగిలిన ఎవడో అవతలివాడి ప్రాణం ఆరు పాయింట్లకు దిగింది. వెర్లిన్ దగ్గర సరిగ్గా ఆరు పాయింట్లు లాగేసే ముసలి తోడేలు ఉంది. ఆట ముగిశాక మర్యాదకు నొక్కే "బాగా ఆడారు" అనే బటన్‌ను ముందే నొక్కి, ఆ తర్వాత తోడేలును వదిలాడు.

అవతలివాడు చావలేదు. రెండు పాయింట్లు మిగిలాయి. తోడేలు దెబ్బను ఆట తయారుచేసినవాళ్లు నాలుగేళ్ల కిందటే ఆరు నుంచి నాలుగుకు తగ్గించారు. కార్డు మీద రాసే ఉంది. కంఠతా వచ్చిన కార్డును మళ్లీ ఎవడు చదివి చచ్చాడు?

అక్కణ్ణుంచి అవతలివాడు కక్ష కట్టాడు. ప్రతి వంతులోనూ ఉన్న నిమిషన్నర గడువును ఆఖరి క్షణం దాకా సాగదీసి, ప్రాణం పెంచే కార్డొకటి వేసి, తీరిగ్గా "బాగా ఆడారు" అని నొక్కుతున్నాడు. ఓటమి ఒప్పుకుని బయటపడొచ్చు. గొప్పలకు పోయినవాడు ఏ మొహం పెట్టుకుని బయటపడతాడు? ఛార్జింగ్ ఆరు శాతానికి వచ్చింది. పదిన్నర దాటినా పాస్టర్ టోలెఫ్‌సన్ తన గదిలోంచి రాలేదు.

"పోవయ్యా బాబూ, పో," అని తల వంచుకుని గొణిగాడు వెర్లిన్.

పక్కన కూర్చున్న ముసలావిడ ఆర్లీన్‌కు వంచిన తల, కదిలే పెదాలే కనబడ్డాయి. అతని భుజం తట్టింది. "పాస్టర్ గారి కోసం ప్రార్థిస్తున్నావా నాయనా? ఆయనకి ఒంట్లో బాగోలేదా?"

"ఆఁ... అవునండీ."

ఆవిడ వెనక వరసకు చెప్పింది. వెనక వరస పాడేవాళ్లకు చెప్పింది. రెండు నిమిషాల్లో చర్చి చర్చంతా తల వంచింది, మారిట్‌తో సహా. వెర్లిన్ ఓడిపోయాడు. ఆ వెంటనే ఫోన్ ఆరిపోయింది. అప్పుడే గది తలుపు తెరుచుకుని పాస్టర్ వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చాడు.

"నీ ప్రార్థన ఫలించింది నాయనా," అని ఆర్లీన్ కళ్లు తుడుచుకుంది.

మారిట్ పాడింది. అంత బాగా ఎప్పుడూ పాడలేదు. వెర్లిన్ చచ్చిన ఫోన్‌ను నాలుగు నిమిషాలూ పైకెత్తి పట్టుకునే ఉన్నాడు.

కాఫీల దగ్గర ఆమె చెయ్యి చాపింది. "ఏదీ, చూపించు."

అతను తోడేలుతో సహా అంతా చెప్పేశాడు. ఆమె అరవలేదు.

"నీ సంగతి నాకు తెలీదా? అందుకే పాస్టర్ గారిని కూడా తియ్యమన్నాను."

పాస్టర్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "క్షమించాలమ్మా. నా ఫోన్ కూడా ఆరిపోయింది. ఇందాక ఆటలో తోడేళ్లవాడొకడు, నేనింకా ఓడకుండానే 'బాగా ఆడారు' అన్నాడు. అలాంటివాణ్ణి తొందరగా వదలబుద్ధి కాలేదు."

మారిట్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"బాగా ఆడారు," అంది.