వాయవ్యం వైపు షట్టరు

ఆ మంగళవారం పొద్దున ఎనిడ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి మొగుడి మిల్లు నాటి పాత మిత్రులు ఎనిమిది మంది వస్తారు. సాయంత్రానికి పెరట్లో ఉక్కు షెడ్డు నిలబడుతుంది. బుధవారం నుంచి మొగుడు ఇంటిపట్టున ఉంటాడు. అంతే.

మొగుడి పేరు క్లారీ. చక్కెర మిల్లులో నలభై మూడేళ్లు ఫిట్టరుగా పనిచేసి కిందటేడు రిటైరయ్యాడు. అయినా రోజూ ఆరింటికి పికప్ బండి వేసుకుని, నది అవతల నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్నానికి పోతాడు. అక్కడ రిటైరైన మగవాళ్లు కలిసి నడుపుకునే వర్క్‌షాపు ఉంది. కుర్చీల కాళ్లు బాగుచేస్తారు, టీ తాగుతారు, ఎవరి మోకాలు ఎంత నొప్పో చెప్పుకుంటారు. వెళ్లేటప్పుడు క్లారీ "ఇప్పుడే వస్తా" అంటాడు. ఎనిడ్‌కి లోకంలో అన్నిటికన్నా భయం ఆ రెండు మాటలంటేనే. వాళ్ల నాన్న ఆ మాటే అని చెరకు రైలు తోలడానికి వెళ్లాడు. తమ్ముడు ఆ మాటే అని దక్షిణాదికి వెళ్లే రైలెక్కాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. అందుకని మూడింటికి గేటు చప్పుడయ్యేదాకా ఆమె రేడియో ముందు కూర్చుని, ఏ వంతెన మీద నీళ్లొచ్చాయో వింటూ ఉంటుంది.

వర్క్‌షాపు ఇంట్లోనే ఉంటే ఈ బాధ ఉండదు కదా అని విడిభాగాలుగా వచ్చి మనమే బిగించుకునే షెడ్డు కిట్ల కేటలాగు తెప్పించింది. అసలు కారణం మొగుడికి చెప్పలేదు. చెబితే నవ్వుతాడు.

"వెడల్పాటి షట్టరున్నది తీసుకుందాం. బండి లోపలికి తెచ్చుకోవచ్చు," అన్నాడు క్లారీ.

"తుఫానుకి ఏది ఆగుతుందో అది చూడు. నేలని అన్నిటికన్నా గట్టిగా పట్టుకునేది కావాలి."

"అది షెడ్డా, జైలా?"

"ఎగిరిపోకుండా ఉంటే చాలు, నువ్వేమైనా అనుకో."

షట్టరు వెడల్పు ఆయన మాట, గట్టిదనం ఆమె మాట. మామూలు కిట్టుకి నాలుగు వందల మరలైతే, వాళ్లు ఎంచుకున్నదానికి పదమూడు వందలు.

కాంక్రీటు గచ్చు పోయడానికి క్లారీ మిత్రుడు లయల్ వచ్చిన రోజు క్లారీ పట్నంలో ఉన్నాడు. ఎనిడ్ అతనికి టీ, గుమ్మడికాయ బన్నులు పెట్టి మెల్లిగా అడిగింది. "గాలివాన ఎటునుంచి కొడుతుంది లయల్?"

"ఎప్పుడూ ఆగ్నేయం నుంచేగా వదినా. రోడ్డు వైపు నుంచి."

"అయితే షట్టరు అటు వద్దు. వెనక్కి పెట్టు నాయనా."

మిల్లులోనూ బయటా యాభై ఏళ్లుగా గచ్చులు పోస్తున్న లయల్‌కి ఇందులో వింతేమీ కనిపించలేదు. ఆ చెరకు జిల్లాలో తలుపు గాలికి వీపు తిప్పి ఉండడమే పద్ధతి. క్లారీయే చెప్పించి ఉంటాడనుకుని షట్టరు బోల్టులన్నీ వాయవ్యం వైపు దించి పోసేశాడు. క్లారీ ఇంటికొచ్చేసరికి గచ్చు మీద తడి గోనెలు కప్పి ఉన్నాయి. "బాగుంది," అన్నాడు.

ఇక మంగళవారం. కిట్టుతో పాటు, ఎలా బిగించాలో చెప్పే ఎనభై నాలుగు పేజీల పుస్తకం వచ్చింది. దాన్ని ఎనిడ్ తప్ప ఎవరూ తెరవలేదు. ఒకప్పుడు మిల్లులో పనిచేసి, ఇప్పుడు పక్కనే చెరకు తోట చూసుకుంటున్న రెనాటో నవ్వాడు. "మిల్లు నిలబెట్టినవాళ్లం వదినా! పుస్తకం చూసి షెడ్డు కడితే రేపు బీరు గ్లాసు ఎత్తడానిక్కూడా పుస్తకం చూడాలి."

నిచ్చెనలు చాలక క్లారీ తన పికప్‌ను రోడ్డు వైపు నుంచి గచ్చు మీదికి ఎక్కించాడు. బండి వెనక నిలబడి దూలాలు ఎత్తారు. ఎనిడ్ వరండాలో కూర్చుని పంతొమ్మిదో పేజీకి వచ్చేసరికి చటుక్కున లేచి నిలబడింది. గోడ రేకులు బిగించే ముందు, షట్టరు దగ్గరికి బండి వెళ్లే దారి ఉందో లేదో చూసుకోవాలని అక్కడ రాసి ఉంది.

"ఏవండోయ్! ఒక్క నిమిషం ఆగండి!" అని అరిచింది.

డ్రిల్లుల మోతలో రెనాటోకి ఆమె చేతులూపడం ఒక్కటే కనిపించింది. "టీ పెట్టిందిరా! పది నిమిషాలు వదినా!"

మళ్లీ పుస్తకం ఊపింది. "సాసేజీలు కూడా కాల్చినట్టుంది!" అన్నాడు లయల్. అందరూ ఉత్సాహంగా ఇంకా వేగం పెంచారు. ఆకాశం కూడా నల్లబడింది. వాన పడేలోపు, ఏది ఎటుందో చూసుకోకుండా, నాలుగు గోడలూ మూసేశారు.

లయల్ గర్వంగా గొలుసు లాగాడు. షట్టరు గరగరా పైకి లేచింది. ఎదురుగా మూరెడు దూరంలో మామిడిచెట్టు, దాని వెనక మనిషి లోతు మురుగుకాలవ, ఆపైన రెనాటో చెరకు. లోపల పికప్.

అందరూ ఒకసారి చెట్టునీ, ఒకసారి పికప్‌నీ చూశారు.

"గాలి మాత్రం బ్రహ్మాండంగా వస్తోంది," అన్నాడు రెనాటో.

"షట్టరు ఇటు పెట్టమని ఎవడన్నాడ్రా నీకు?" క్లారీ లయల్ మీదికి తిరిగాడు.

"నువ్వే కదరా! వదినతో చెప్పించలా?"

తొమ్మిది తలలు ఎనిడ్ వైపు తిరిగాయి. "తుఫాను..." అంటూ ఆమె పుస్తకం మూసేసింది.

రేకులు విప్పబోయారు. మూడు మరలు ఊడాయి. నాలుగోదాని తల అరిగిపోయింది, అంతకుముందే లయల్ భుజం పట్టేసింది. మామిడిచెట్టు సంగతి ఎత్తితే రెనాటో మండిపడ్డాడు. "అది మా అమ్మ నాటింది. దాని మీద గొడ్డలి పడిందా, నా మీద పడ్డట్టే!"

ఆ సాయంత్రం క్లారీ వరండాలో కూలబడ్డాడు. "ఇక ఎక్కడికి పోతానే. కాళ్లు విరిగినట్టే."

ఎనిడ్ వంటగదిలోకి వెళ్లి కొళాయి తిప్పింది. ఏడాదిలో మొదటిసారి తనకి సంతోషంగా ఉందని మొగుడికి తెలియకూడదు.

బుధవారం ఐదున్నరకే రెండు కప్పులు టేబుల్ మీద పెట్టింది. గేటు దగ్గర హారన్ మోగింది. పట్నం వర్క్‌షాపు వ్యాను, స్టీరింగు ముందు లయల్.

"రారా క్లారీ! నీ బండిని బయటికెలా తీయాలో తేల్చడానికి కమిటీ వేశాం. రోజూ నేనే ఎక్కించుకుంటా, ఎన్నాళ్లు పట్టినా సరే!"

క్లారీ మొహం వెలిగిపోయింది. టోపీ అందుకున్నాడు.

"ఇవాళొక్కరోజు ఉండకూడదూ?" అంది ఎనిడ్.

"నీకోసమే కదే పోయేది. రిటైరైన మొదటి వారమే అన్నావుగా, కాళ్లకి అడ్డం పడకు, ఎటైనా పో అని. అప్పట్నుంచి ఒక్కరోజైనా అడ్డం పడ్డానా?"

ఆ మాట ఆమె నేల తుడుస్తూ విసుగులో అన్నది. ఆయన ఏడాదిగా దాన్ని పొల్లుపోకుండా పాటిస్తున్నాడు. ఎనిడ్ నోరు తెరిచింది. హారన్ మళ్లీ మోగింది.

"ఇప్పుడే వస్తా," అని క్లారీ వ్యానెక్కాడు.

వ్యాను అందరినీ దింపి ఆఖరున ఇటు రావాలి కాబట్టి ఇప్పుడు ఆయన ఇంటికి చేరేది మూడింటికి కాదు, ఐదున్నరకి. కమిటీ వారానికి ఐదు రోజులు సమావేశమవుతోంది. ఇల్లు కదలకుండా రోజంతా ఎనిడ్ దగ్గరే ఉంటున్నది పికప్ ఒక్కటే.