కోరిన్‌కు రావలసిన పురస్కారం

మా ఆవిడ కోరిన్‌కు జరిగిన అన్యాయానికి నేను నాలుగేళ్ళు ఉడికిపోయాను. మీరైనా ఉడికేవారే.

"కళ్ళారా చూశాను" అని కోర్టులో ఒట్టేసే సాక్షులు ఎంత ధీమాగా పొరబడతారో పరిశోధించడం, యూనివర్సిటీలో దాని మీద పాఠాలు చెప్పడం ఆమె పని. ఆమె మాటతో ఒక అమాయకుడు జైలు నుంచి బయటపడ్డాడు. అలాంటి మనిషిని పక్కనబెట్టి, మనస్తత్వశాస్త్రం, చట్టం కలిపి చదివినవాళ్ళ సంఘం తన యువ పరిశోధక పురస్కారాన్ని ఎవడో బో టై వాడికి కట్టబెట్టింది.

నేనక్కడే ఉన్నాను. ఒమాహా నగరంలో పురస్కారాల విందు. పాపను చూసుకునే అమ్మాయి ఫోన్ చేస్తే బయటికెళ్ళి వచ్చేసరికి, వేదిక మీద వాడు ఫలకం పట్టుకుని ఇకిలిస్తున్నాడు. మా ఆవిడ, పాపం, వాడికి నవ్వుతూ చెయ్యి కలుపుతోంది.

కారెక్కగానే వాణ్ణి దులిపేశాను. కోరిన్ నా వంక వింతగా చూసింది.

"సరిగ్గా చూశావా, వెండెల్?"

"నాకేం చత్వారమా?"

తల ఊపి సీటు బెల్టు పెట్టుకుంది. ఎంత సహనమో అనుకున్నాను.

డాక్టరేట్ వచ్చి పదేళ్ళు దాటితే ఆ పురస్కారానికి అర్హత పోతుంది. ఆమెకు ఈ ఏడాదే ఆఖరు. అందుకే ఆమెకు తెలియకుండా సంఘానికి ఫోన్ చేసి నిలదీశాను. అవతలి పెద్దమనిషి, "మీరు నిజంగా ఆవిడ భర్తేనా?" అని రెండుసార్లు అడిగి పెట్టేశాడు. ఎంత పొగరో చూడండి.

ఆ సాయంత్రం కోరిన్ నా ముందు చిల్లీ అనే బీన్సు కూర గిన్నె, దాల్చినచెక్క రొట్టె పెట్టింది.

"సంఘానికి ఫోన్ చేశావట."

"చేశాను. నీకు నోరు లేదని నేనూ నోరు మూసుకోవాలా?"

"వద్దులే. రేపు మా క్లాసుకొచ్చి ఆ నోరే తెరువు."

తెరిచాను. వాడి బో టై మీద తెల్లచుక్కలతో సహా వర్ణించాను. నా బల్లగుద్దుడికి ముందు వరుసలోని అమ్మాయి కాఫీ ఒలికింది.

"మీకు నూటికి ఎంత నమ్మకం, సార్?" అని అడిగిందా అమ్మాయి.

"నూటికి నూరు."

కోరిన్ తెర మీద ఒక ఫోటో వేసింది. నేను తిట్టిన ఆ బో టై మనిషే ఫలకాన్ని మా ఆవిడ చేతికి అందిస్తున్నాడు. మెడలో మామూలు టై. వెనకాల తలుపు దగ్గర ఫోన్ పట్టుకుని, కళ్ళెర్రజేసి చూస్తూ నేను.

క్లాసంతా గొల్లుమంది. నేను తలెత్తలేదు.

"నాలుగేళ్ళూ చెప్పలేదేం?" అన్నాను కారిడార్‌లో.

"సాక్షికి మేం మాట అందించకూడదు. అందుకే ఫలకాన్ని కూడా ఆఫీసులోనే దాచాను. పైగా నా కోసం ఒక మనిషి అంతలా మండిపడుతుంటే ఆపబుద్ధి కాలేదు" అంది. ఆ మాటకు నా కోపం సగం కరిగిపోయింది.

"వచ్చే ఏడు కొత్త బ్యాచ్ వస్తుంది. మళ్ళీ వచ్చి చెప్పాలి."

"ఇప్పుడు నిజం తెలిసిపోయిందిగా."

కోరిన్ నా కాలరు సర్దింది.

"ఫర్వాలేదు. అప్పటికి మర్చిపోతావు."