ఓటు వేసే శ్రమ మాకు లేదు

ప్రజాస్వామ్యం బరువు జనం మీద పడకూడదు. పడితే జనం నడుం విరుగుతుంది. ఈ సంగతి లోకంలో ఇంకెవరికీ తట్టలేదు గానీ మా సోమాలీ వంశపెద్దలకు ఎప్పుడో తెలుసు.

నాకు నలభై ఏడేళ్లు. ఇంతవరకు ఒక్క ఓటు వెయ్యలేదు. కెన్యాలో ఉండే మా మేనత్త కొడుకు ఓటు కోసం ఆరు గంటలు క్యూలో నిలబడి ఎండకు సొమ్మసిల్లి పడిపోయాడట. ఎందుకొచ్చిన తిప్పలు చెప్పండి?

ఇక్కడ పెద్దలు నూటొక్కమందిని ఏరుతారు. ఆ నూటొక్కమంది ఎంపీని ఏరుతారు. ఎంపీలు అధ్యక్షుణ్ణి ఏరుతారు. మేము ఒంటెపాల టీ తాగుతూ రేడియోలో ఫలితం వింటాం. మా వేలికి సిరా మరకన్నది లేదు. రంగు ఏదైనా ఉంటే పెద్దల గడ్డాలకే, అదీ గోరింటాకు ఎరుపు.

వెనకటికి ఈ పెద్దలు చెట్టు కింద చాప మీద కూర్చునేవారు. ఇప్పుడు హోటల్ మూడో అంతస్తులో ఏసీ గదిలో కూర్చుంటున్నారని కొందరు ఆడిపోసుకుంటారు. వివేకానికి చల్లదనం అక్కర్లేదా?

పెద్దల నిష్పక్షపాతం ఎంతటిదో మా ఇంట్లోనే చూశాను. నా భార్య ఇదిల్ మంత్రసాని. పంతొమ్మిదేళ్లుగా ఊళ్లో సగం మందికి బొడ్డు కోసింది. ఈసారి మా జిల్లా సీటు ఆడవాళ్లకని ప్రకటించగానే తాను నిలబడతానంది. అయితే పోటీకి వంశపెద్ద సంతకం కావాలి.

ముందు పుట్టింటి పెద్ద గూలేద్ దగ్గరికి వెళ్లాం.

"నువ్వు మా బంగారానివేనమ్మా. కానీ పెళ్లయి వెళ్లిపోయావు. నీకు సీటిస్తే మీ ఆయన వంశానికి ఇచ్చినట్టే గదా" అన్నాడాయన.

తర్వాత మా వంశపెద్ద కాహియే దగ్గరికి వెళ్లాం. ఆయన టీలో అయిదో చెంచా పంచదార కలుపుతూ విన్నాడు.

"కోడలా, నీకేం తక్కువ? కానీ ఎంతైనా నువ్వు గూలేద్ వాళ్ల పిల్లవి. రేపు మొగదీషు పార్లమెంటుకు వెళ్లాక పుట్టింటి పాటే పాడతావు."

"మరి నేనెవరి మనిషిని, మామయ్యా?" అంది ఇదిల్.

"అది అల్లాకే తెలియాలి. టీ తాగి వెళ్లండి."

ఇరవై ఏళ్లుగా ఏ ఒక్క విషయంలోనూ కలవని రెండు వంశాలు నా భార్య విషయంలో ఒకే మాట మీద నిలబడ్డాయి! జాతి ఐక్యత అంటే ఇంకేమిటి?

నెల తిరక్కుండా బావి దగ్గర గొడవైంది. ఎవరి ఒంటెలు ముందు నీళ్లు తాగాలన్నది పేచీ. రెండు వంశాల కుర్రాళ్లూ తుపాకులు పట్టారు. మొదటి రోజే ఇద్దరు పోయారు. వాళ్లలో ఒకడికి బొడ్డు కోసింది ఇదిలే. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

ఇలాంటప్పుడు మాకో ఆచారం ఉంది. రాయబారానికి మగవాడు వెళితే మధ్యలోనే కాల్చేస్తారు. అవతలి వంశంలో పుట్టి ఇవతలి వంశంలో మెట్టిన ఆడది వెళితే ఎవరూ కాల్చరు. ఆమె రెండు వైపులా సొంత మనిషి.

మర్నాడు పొద్దున్నే పెద్దలిద్దరూ మా గుమ్మంలో ఉన్నారు.

"నువ్వు మా ఆడపడుచువి. నీ మాట మావాళ్లు వింటారమ్మా" అన్నాడు గూలేద్.

"మా కోడలివి. మావాళ్లూ వింటారు" అన్నాడు కాహియే.

ఇదిల్ చెప్పులు వేసుకుంటూ తలెత్తింది. "పోయిన నెల ఇద్దరికీ కానిదాన్ని. ఇవాళ ఇద్దరికీ అయినదాన్నా, పెదనాన్నా?"

పెద్దలిద్దరూ తమ చేతికర్రల వంక చూసుకున్నారు.

వెళ్లొద్దని అందామనుకున్నాను. ఈలోపే ఆమె తెల్లగుడ్డ తలకు చుట్టుకుని, రెండు తుపాకుల వరసల మధ్య నుంచి ఒక్కతే నడిచి వెళ్లింది. మధ్యాహ్నం ప్రార్థన వేళకు తిరిగి వచ్చేదాకా నేను గుమ్మంలోనే కూర్చున్నాను. ఒక రోజు వాళ్ల ఒంటెలు, ఒక రోజు వీళ్ల ఒంటెలు అని ఒప్పించి వచ్చింది. ఆ తర్వాత ఒక్క తూటా పేలలేదు.

వందమంది మగాళ్ల పెట్టు అని పెద్దలు ఆమెను హోటల్లో పొగిడారట. వారం తర్వాత సీటు కూడా తేల్చారు. తగిన మహిళ దొరకనందువల్ల దాన్ని కాహియే కొడుక్కి ఇచ్చారు. అతని తల్లి గూలేద్ వంశం ఆడపడుచు. రెండు వైపులా కావలసినవాడు, అంతకంటే అర్హత ఏముంటుందని పెద్దలిద్దరూ సంతకాలు పెట్టారు.

రేడియోలో ఆ పేరు ఇదిల్ కూడా వింది. ఎవరికో నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే సంచీ తీసుకుని వెళ్లింది.

నా చేతికి ఓటంటూ వస్తే ఎవరికి వెయ్యాలో నాకు తెలుసు. ఊళ్లో అడగండి, ఊరికీ తెలుసు. పెద్దలకు మా అందరికంటే ముందే తెలుసు. అందుకే కదా, మాకా శ్రమ లేకుండా చూస్తున్నారు.